నాళికలో రంగు, సీసాలో మందు: చేపల తొట్టిలో అమ్మోనియా లెక్క

తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, రాజపాళయం నుండి తెన్‌కాశికి పోయే రహదారి మీద, పడమటి కనుమల పాదాన ఉన్న చిన్న పట్టణం సేత్తూరు. ఒకనాటి జమీను. దాని పొరుగున ఉన్న రాజపాళయం తెలుగువారికి బొత్తిగా కొత్త ఊరు కాదు. శతాబ్దాల క్రితం ఆంధ్రదేశం నుండి తరలివెళ్ళిన రాజుల వంశీయులు నేటికీ ఇళ్ళలో తెలుగే మాట్లాడుకునే ఊరు అది. 1949 నుండి 1952 వరకు ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా స్వస్థలం. ఆ ఊరి పేరు పెట్టుకున్న తెల్లని వేటకుక్క బొమ్మతో భారత తపాలా శాఖ 2005లో స్టాంపు కూడా వెలువరించింది. కుక్క అయితే ఆకలికి అరుస్తుంది, జబ్బు చేస్తే మూలుగుతుంది. ముందుగదిలో గాజుతొట్టిలో ఈదే చేపకు ఆ వెసులుబాటు లేదు. అది నీటి పైకి వచ్చి నోరు తెరిచి గుటకలు వేసే నాటికి సగం కథ ముగిసిపోతుంది. అంతకు ముందే దాని కష్టం తెలియాలంటే పరీక్షనాళికలో నీటికి వచ్చే రంగు ఒక్కటే ఆధారం.

ఆ రంగును చదవడంలోనే చిక్కు ఉన్నది. అమ్మోనియా టెస్ట్ కిట్ కొని తెచ్చిన వ్యక్తి నీటిని పరీక్షిస్తాడు. రంగు ముదురుగా వస్తుంది. వాటర్ కండిషనర్ అనే సీసాలోని మందు ఒక మూతెడు పోస్తాడు. మరునాడు పరీక్షిస్తే రంగు అంతే ఉంటుంది, లేదా ఇంకా ముదురుతుంది. మందు చాలలేదనుకుని మరో రెండు మూతలు పోస్తాడు. మూడవనాడు చేపలు తేలుతాయి. కొందరు మందును తిడతారు, కొందరు కిట్‌ను తిడతారు, తొట్టి ఈశాన్యాన లేనందున ఇలా అయిందనేవారూ లేకపోలేదు. నిజానికి మందు తన పని తాను చేసి ఉండవచ్చు, కిట్ కూడా సరిగానే చూపి ఉండవచ్చు. ఆ రెండూ ఒకే వస్తువును గురించి మాట్లాడడం లేదన్నదే అసలు సంగతి.

అమ్మోనియా ఎక్కడి నుండి వస్తుంది?

మేతలోని మాంసకృత్తుల నుండి. చేప తిన్న మాంసకృత్తులలో ఒంటికి పట్టినది పోగా, మిగిలిన నత్రజని అమ్మోనియాగా మారి ప్రధానంగా మొప్పల ద్వారానే నీటిలోకి వెళుతుంది. తినక మిగిలిన మేత, కుళ్ళిన ఆకు, కనపడకుండా ఏ రాతిచాటుననో చచ్చిన చేప దీనికి తోడవుతాయి. చేపల పెంపక శాస్త్రంలో ఒక చేతిలెక్క వాడుకలో ఉన్నది: మేత బరువును అందులోని మాంసకృత్తుల పాలుతో గుణించి, దానిని మరల 0.092తో గుణిస్తే పుట్టే అమ్మోనియా నత్రజని వస్తుంది. నూటికి 40 పాళ్ళు మాంసకృత్తులున్న మేతను రోజుకు 1 గ్రాము వేస్తే సుమారు 37 మిల్లీగ్రాములు. ఇది 50 లీటర్ల తొట్టిలో పడితే, దానిని తీసివేసే నాథుడు లేకపోతే, ఒక్క రోజులోనే లీటరుకు 0.7 మిల్లీగ్రాముల పైచిలుకు చేరుతుంది. ఒక గ్రాము మేత అంటే పిల్లవాడి గుప్పెటలో కనపడనంత. ఇంట్లో ఉన్న నలుగురూ తలా ఒక చిటికెడు వేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

తీసివేసే నాథులు సూక్ష్మజీవులు. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియాను రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వేరుచేసి చూపాడు. తరువాత శతాబ్దం పాటు పుస్తకాలలో ఇద్దరు పనివాళ్ళ పేర్లే కనిపించేవి: నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్. 1990ల చివర తొట్లలో నైట్రైట్ పని చేసేది ప్రధానంగా నైట్రోస్పైరా అని తేలింది. అమ్మోనియాను తినే ఆర్కియా జాతి సూక్ష్మజీవిని 2005లో తొలిసారి వేరుచేసినది అమెరికాలోని సియాటిల్ అక్వేరియం తొట్టిలోని గులకల నుండే. రెండు మెట్ల పనినీ ఒక్కటే చేయగల నైట్రోస్పైరా 2015లో బయటపడింది. పేర్లు మారినా యజమానికి తెలియవలసినది ఒక్కటే: ఇవి ఫిల్టరు స్పాంజిని, ఇసుకను, గాజును పట్టుకుని బతుకుతాయి. కొత్త తొట్టిలో తగినంతగా పెరగడానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. క్లోరిన్ ఉన్న కొళాయినీటి కింద స్పాంజిని పిండి కడిగితే వాటిలో చాలా భాగం ఆ పూటే చచ్చిపోతాయి. స్పాంజిని తొట్టి నుండి తీసిన నీటిలోనే కడగాలని అనుభవజ్ఞులు అనడానికి కారణం ఇదే.

ఒకే అంకె, వేరు వేరు విషాలు

నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. విడి అమ్మోనియా ఒకటి, హైడ్రోజన్ అయానును కలుపుకుని అమ్మోనియం అయిపోయినది రెండవది. విడి రూపం మొప్పల పొరను సులభంగా దాటి రక్తంలో చేరుతుంది. చేప తన ఒంటిలోని అమ్మోనియాను బయటకు తోయలేకపోతుంది, మొప్పలు, మెదడు దెబ్బతింటాయి. అమ్మోనియం రూపానికి ఆ పొరను దాటడం కష్టం కాబట్టి దాని హాని ఎన్నో రెట్లు తక్కువ. ఈ రెండూ క్షణక్షణం ఒకదానిలోకి ఒకటి మారుతూ ఉంటాయి. ఏది ఎంత అనేది నిర్ణయించేది నీటి పి.హెచ్., ఆ తరువాత ఉష్ణోగ్రత.

సేత్తూరు వేసవిలో తొట్టినీరు 30 డిగ్రీలకు చేరడం వింత కాదు. ఆ వేడిమిలో పి.హెచ్. 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విడి రూపం నూటికి 0.8 పాళ్ళు మాత్రమే. పి.హెచ్. 8 అయితే 7.4 పాళ్ళు. 8.5 అయితే 20 పాళ్ళు. 9 అయితే దాదాపు 45 పాళ్ళు. ఇళ్ళలో వాడే సాధారణ కిట్లు ఈ రెంటినీ కలిపి మొత్తం అమ్మోనియానే చూపుతాయి. కిట్ 1 పి.పి.ఎం. అన్నదంటే పి.హెచ్. 7 నీటిలో అసలు విషం 0.008, పి.హెచ్. 8.5 నీటిలో 0.2. దీర్ఘకాలం ఉంటే చేపలకు హాని మొదలయ్యే మేర 0.02 నుండి 0.05 వరకు అని మత్స్యశాస్త్రజ్ఞులు సాధారణంగా లెక్కిస్తారు. అంటే ఒకే రంగు ఒక ఇంట్లో ఊరట, పక్క ఇంట్లో మరణశాసనం. పి.హెచ్. పరీక్ష లేకుండా అమ్మోనియా పరీక్ష ఒక్కటే చేయడం, ధర తెలియకుండా బరువు మాత్రం తూచడం వంటిది.

ఇందులో మరొక చిన్న మెలిక ఉన్నది. కొన్ని కిట్లు అమ్మోనియాగా లెక్క ఇస్తాయి, కొన్ని అందులోని నత్రజనిగా లెక్క ఇస్తాయి. నత్రజని లెక్కను 1.2తో గుణిస్తే అమ్మోనియా లెక్క వస్తుంది. రెండు కిట్ల అంకెలు కలవడం లేదని బెంగపడేవారు ముందుగా పెట్టె మీద ఏ లెక్క రాసి ఉన్నదో చూసుకోవడం మంచిది.

పెరటిలో సిమెంటు తొట్లలో గప్పీలు, బంగారుచేపలు పెంచేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. ఎండ తగిలి నాచుతో పచ్చబడిన నీటిలో పగటిపూట నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది, పి.హెచ్. పైకి పాకుతుంది. ఉదయం 7.5 ఉన్నది మధ్యాహ్నం 9కి చేరవచ్చు. తెల్లవారుజామున చేసిన పరీక్ష మధ్యాహ్నం సంగతి చెప్పదు. కైకలూరు, భీమవరం ప్రాంతాల చెరువుల రైతులు ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పి.హెచ్. చూసుకోవడంలోని మర్మం ఇదే.

మందు చేసే పని

వాటర్ కండిషనర్ అనే పేరు కింద కనీసం రెండు రకాల మందులు అమ్ముడుపోతున్నాయి. మొదటిది పాతది, చవుకది: సోడియం థయోసల్ఫేట్. ఫొటో స్టూడియోలు చీకటిగదులతో నడిచిన రోజులలో ఫిల్ములు కడగడానికి వాడిన హైపో ఇదే. అక్వేరియం దుకాణాలలో యాంటీ క్లోరిన్ అని ఇచ్చే చిన్న సీసాలో సాధారణంగా ఉండేది ఇదే ద్రావణం. ఇది క్లోరిన్‌ను క్షణాలలో హానిలేని క్లోరైడ్‌గా మారుస్తుంది. అమ్మోనియాను ముట్టుకోదు.

రెండవ రకానికి మూలం అమెరికా కొళాయిలలో ఉన్నది. క్లోరిన్ త్వరగా ఆవిరైపోతుంది కనుక, గొట్టాలలో చాలాకాలం నిలవడానికి అక్కడి అనేక నగరాలు క్లోరిన్‌కు అమ్మోనియాను జతచేసి క్లోరమైన్‌గా వాడతాయి. సాన్ ఫ్రాన్సిస్కో నగర జలశాఖ 2004 ఫిబ్రవరిలో క్లోరమైన్‌కు మారినప్పుడు, డయాలిసిస్ చేయించుకునే రోగులతో పాటు చేపలు పెంచేవారిని కూడా ప్రత్యేకంగా హెచ్చరించింది. ఆ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో తొట్టి ఉన్నవారికి ఇది అనుభవైకవేద్యమే. బకెట్టును రెండు రోజులు ఎండలో ఉంచితే క్లోరిన్ పోతుంది గాని క్లోరమైన్ అంత తేలికగా పోదు. దానికి హైపో వేస్తే క్లోరిన్ భాగం పోయి, అమ్మోనియా భాగం నీటిలో మిగిలిపోతుంది. క్లోరిన్ లెక్కన 1 మిల్లీగ్రాము క్లోరమైన్ నుండి 0.2 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని బయటపడుతుంది. చేప ఒక్కటీ లేని నీటిలో కూడా కిట్ రంగు చూపుతుంది. ఈ చిక్కు తీర్చడానికే క్లోరిన్‌తో పాటు అమ్మోనియాను కూడా పట్టి కట్టివేసే మందులు వచ్చాయి. ఫార్మాల్డిహైడ్, బైసల్ఫైట్ కలిసి ఏర్పడే ఒక లవణంతో ఈ పని చేసే పద్ధతికి 1987లో అమెరికాలో పేటెంట్ లభించింది. ఆమ్‌క్వెల్ అనే పేరుతో వచ్చిన మందు ఈ కోవలోనిదే. సీకెమ్ వారి ప్రైమ్ వంటి మందులు కూడా అమ్మోనియాను కొంతకాలం హానిలేని రూపంలో ఉంచుతాయని తయారీదారులు చెబుతారు. ఆ కాలం ఒకటి రెండు రోజులు మాత్రమేనని కూడా వారే చెబుతారు.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన మాట ఒకటి ఉన్నది. మన ఊళ్ళలో తాగునీటికి సాధారణంగా కలిపేది బ్లీచింగ్ పౌడరు లేదా క్లోరిన్ వాయువు. అమ్మోనియా కలుషితం లేని నీటిలో అది క్లోరిన్‌గానే ఉంటుంది. బోరు నుండి నేరుగా తోడుకునే నీటిలో అదీ ఉండదు. అటువంటి నీటికి విదేశీ మందు సీసా మీద వందల రూపాయలు పోయవలసిన అగత్యం కనిపించదు. 100 గ్రాముల హైపో స్ఫటికాలను లీటరు శుభ్రమైన నీటిలో కరిగించి ఉంచుకుంటే, అందులో 1 మిల్లీలీటరు చొప్పున 10 లీటర్ల కొళాయినీటికి చాలు. 1 మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల హైపో అని చేపల పెంపకందారులు పాటించే కొలత. పై మోతాదు లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్నా సరిపోతుంది. భారత ప్రమాణాల ప్రకారం కొళాయినీటిలో మామూలుగా మిగలవలసిన క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములే.

మందు కట్టివేసిన అమ్మోనియా మాయమైపోలేదని మరచిపోకూడదు. కట్టి మూలన పెట్టిన అప్పు వంటిది అది. ఫిల్టరులోని సూక్ష్మజీవులు తినాలి, లేదా నీరు మార్చి బయట పారబోయాలి. ఈలోగా చేపలు కొత్త అప్పు చేస్తూనే ఉంటాయి.

నాళికలో జరిగే తగవు

కిట్లలో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి 1856లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు యూలియస్ నెస్లర్ పేరిట వచ్చిన పాత పద్ధతి. అమ్మోనియా ఉంటే నీరు పసుపు నుండి గోధుమ రంగుకు తిరుగుతుంది. దానిలోని ద్రావణంలో పాదరసం ఉంటుంది. రెండవది సాలిసిలేట్ పద్ధతి. అందులో రెండు సీసాలు ఉంటాయి, రంగు పసుపు నుండి ఆకుపచ్చకు మారుతుంది. ఇంట్లో ఉన్నది ఏ పద్ధతో తెలుసుకోవడానికి ఆ రంగుల పట్టీ చూస్తే చాలు.

ఫార్మాల్డిహైడ్ సంబంధమైన మందు పోసిన నీటిని నెస్లర్ కిట్‌తో పరీక్షిస్తే వచ్చే రంగును నమ్మడానికి లేదు. మందు ఆ పాదరసపు ద్రావణంతోనే చర్య జరిపి ముదురు రంగును, ఒక్కొక్కప్పుడు మడ్డిని పుట్టిస్తుంది. అమ్మోనియా లేకపోయినా ఉన్నట్లు కనిపిస్తుంది. మందు పోసినకొద్దీ రంగు ముదరడంలోని రహస్యం తరచుగా ఇదే. చేపల జబ్బులకు ఫార్మాలిన్ వాడిన నీటికి కూడా ఇదే వర్తిస్తుంది.

సాలిసిలేట్ కిట్ కొంత మెరుగు గాని, దానికీ తన చిక్కులు ఉన్నాయి. నాళికలో నీటిని బాగా క్షారంగా మార్చాకే రంగు వస్తుంది. ఆ క్షారతలో కొన్ని మందులు కట్టి ఉంచిన అమ్మోనియా విడివడి రంగులో చేరవచ్చు. నాళిక ఎక్కువ సేపు నిలిచినకొద్దీ రంగు పెరుగుతుంది. కనుక చెప్పిన నిమిషాలకే చదవాలి, అరగంట తరువాత చదివి అదిరిపోకూడదు. దీనికి విరుద్ధమైన తప్పు కూడా జరగవచ్చు. ఆ కిట్‌లోని ఒక సీసాలో ఉండేది హైపోక్లోరైట్, అనగా క్లోరిన్ సంబంధమైన వస్తువే. కండిషనర్ పని క్లోరిన్‌ను చంపడం కదా! మోతాదుకు ఎన్నో రెట్లు మందు పోసిన నీటిలో ఆ మందు నాళికలోని క్లోరిన్‌ను కూడా తినివేసి, రావలసిన రంగును రానివ్వకపోవచ్చు. రంగు లేదని సంబరపడిన నాటికి తొట్టిలో అమ్మోనియా ఉండనే ఉంటుంది.

ఈ తగవును ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చేపలు లేని శుభ్రమైన నీటిని రెండు గాజుగ్లాసులలో తీసుకోవాలి. డబ్బాలలో అమ్మే శుద్ధిచేసిన నీరు ఇందుకు పనికివస్తుంది. ఒకదానిలో మందును తొట్టికి వేసే పాళ్ళలోనే కలిపి, రెండవదానిని అలాగే ఉంచి, రెంటినీ అదే కిట్‌తో పరీక్షించాలి. ఏమీ కలపని నీటికి రంగు రాక, మందు కలిపిన నీటికి వస్తే, ఆ రంగు మందుదే. ఇక ఆ కిట్, ఆ మందు ఒకే ఇంట్లో ఇమడవు. మందు వేసి 24 గంటలు గడిచాక పరీక్షించడం కూడా కొంతవరకు మేలు. నాళికను వేలితో మూసి ఊపే అలవాటు మానుకోవాలి. చెమటలో అమ్మోనియా ఉంటుంది, అది చాలు లేత రంగు రావడానికి. లేత పసుపుకూ లేత ఆకుపచ్చకూ తేడా ట్యూబులైటు కింద తెలియదు, పగటి వెలుగులో తెల్లకాగితం ముందు పెట్టి చూడాలి. 0.25 అని కనిపించిన లేత రంగు చూసి నిద్ర పాడుచేసుకోనక్కరలేదు. మొదట కొళాయినీటినే పరీక్షించి అదే రంగు అక్కడా వస్తుందేమో చూడాలి.

నెస్లర్ కిట్‌తో పరీక్షించిన నీటిని పాదరసం ఉన్నందున తొట్టిలోకి గాని, బావి దగ్గర గాని, పాత్రలు కడిగే తొట్టిలో గాని ఎన్నడూ పారబోయరాదు. పిల్లలున్న ఇంట్లో ఆ రకం కిట్ కొనకపోవడమే ఉత్తమం.

వాగునీరు, బోరునీరు

సేత్తూరు వంటి ఊరిలో ఈ లెక్క ఇతరచోట్ల కంటె ముఖ్యం కావడానికి ఒక కారణం ఉన్నది. ఊరికి పడమట కొండలలో శాస్తా కోవిల్ వాగు, రాజపాళయం వైపు అయ్యనార్ కోవిల్ వాగు పారుతున్నాయి. కొండరాళ్ళ మీదుగా దిగివచ్చే ఇటువంటి నీరు సాధారణంగా మెత్తనిది, ఖనిజాలు తక్కువ. తూర్పున మైదానపు బోర్ల నీరు అనేకచోట్ల గట్టిది. గిన్నెల అడుగున తెల్లని పొర కట్టేది, సబ్బు నురగ రానిది ఈ రకమే. కొండ కింది ఊరివారికి ఒక్కొక్క ఋతువులో ఒక్కొక్క నీరు అందవచ్చు. వానలు పడినంతకాలం వాగునీరు, వేసవిలో బోరు లేదా ట్యాంకరు.

మెత్తని నీటితో నింపిన తొట్టిని ఊహించుకుందాం. సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే క్రమంలో ఆమ్లం పుడుతుంది. 1 మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనికి 7 మిల్లీగ్రాముల పైగా క్షారత ఖర్చవుతుంది. గట్టి నీటిలో క్షారత నిల్వ ఎక్కువ కాబట్టి ఈ ఖర్చు తెలియదు. మెత్తని నీటిలో నిల్వ కొద్ది వారాలకే అడుగంటుతుంది, పి.హెచ్. 6.5కు, అంతకంటె కిందికి జారుతుంది. అక్కడ ఆ సూక్ష్మజీవులే మందగిస్తాయి. అమ్మోనియా పేరుకుంటుంది గాని, పి.హెచ్. తక్కువ కనుక దాదాపు అంతా అమ్మోనియం రూపంలోనే ఉంటుంది. చేపలు కొంత మందకొడిగా ఉన్నా బతికే ఉంటాయి. యజమానికి ఏమీ అనుమానం రాదు.

ఒకనాడు నీరు మురికిగా ఉన్నదని ఆయన సగం నీరు తీసివేసి, బోరునీరు పోస్తాడు. ఇప్పుడు లెక్క చూడాలి. మునుపు మొత్తం అమ్మోనియా 3 పి.పి.ఎం., పి.హెచ్. 6.5, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు అనుకుంటే విడి అమ్మోనియా 0.0075. సగం నీరు మార్చాక మొత్తం అమ్మోనియా 1.5కు తగ్గింది. కాని గట్టి నీరు పి.హెచ్.ను 8కి లాగింది. విడి అమ్మోనియా 0.11. కిట్ అంకె సగమైంది, విషం పదిహేను రెట్లు అయింది. గంటలోపల చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తాయి. నీరు మార్చిన పూటే ఇలా జరిగింది కనుక కొత్తనీటిలో క్లోరిన్ ఉన్నదని అందరూ అనుకుంటారు. యాంటీ క్లోరిన్ ఎంత పోసినా ప్రయోజనం ఉండదు. బోరునీటిలో క్లోరినే లేదు.

దుకాణం నుండి తెచ్చిన సంచిలోనూ ఇదే కథ చిన్న ఎత్తున జరుగుతుంది. చెన్నై కొళత్తూరు అలంకార చేపల వ్యాపారానికి పేరుమోసిన చోటు. అటువంటి చోట్ల నుండి చేపలు మూతికట్టిన ప్లాస్టిక్ సంచులలో రాత్రంతా ప్రయాణిస్తాయి. సంచిలో అమ్మోనియా పెరుగుతుంది, కాని చేపలు వదిలే బొగ్గుపులుసు వాయువు వల్ల పి.హెచ్. తగ్గి అది అమ్మోనియంగా నిలుస్తుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోతుంది, పి.హెచ్. లేస్తుంది, అమ్మోనియం విషంగా మారుతుంది. సంచి విప్పి, తొట్టినీరు కొద్దికొద్దిగా పోస్తూ గంటల తరబడి అలవాటు చేయడం సుదూరం నుండి వచ్చిన చేపలకు ఉపకారం కాదు. మూసిన సంచిని పావుగంట తొట్టిలో తేలనిచ్చి వేడిమి సమం కాగానే విప్పి, చేపలను వలతో తొట్టిలోకి మార్చి, సంచినీటిని బయట పారబోయడం మేలు.

సరే, తొట్టిలో అమ్మోనియా పెరిగి పి.హెచ్. దిగిపోయిన సంగతి పరీక్షలో ముందే బయటపడింది, అప్పుడు చేయవలసినదేమిటి? మేత ఆపాలి. పెద్ద చేపలు వారం రోజులు తినకపోయినా చావవు. గాలి పంపు నిరంతరం నడపాలి. నీటిని ఒక్కసారి సగం కాక రోజుకు పదోవంతు చొప్పున, వీలైతే పాతనీటితో పోలిన పి.హెచ్. ఉన్న నీటితో మార్చుతూ రావాలి. అమ్మోనియాను కట్టే మందు నిజంగా పనికివచ్చే సందర్భం ఇదే. నీరు మార్చే ముందు సీసా మీది మోతాదు మేరకు వేస్తే నడుమ దినాలు గడుస్తాయి. మోతాదు మీరితే ఇటువంటి మందులలో కొన్ని నీటిలోని ప్రాణవాయువును కూడా ఖర్చుచేస్తాయి. 30 డిగ్రీల నీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువును పట్టి ఉంచలేదు. అందులో మందుకు వాటా ఇస్తే చేపకు మిగిలేది కొంచెం. రొయ్యల చెరువుల దుకాణాలలో దొరికే జియోలైట్ రవ్వను గుడ్డలో కట్టి ఫిల్టరులో ఉంచినా మంచినీటి తొట్టిలో అమ్మోనియం కొంత తగ్గుతుంది. ఉప్పు వేసిన నీటిలో మాత్రం అది పట్టినదాన్ని వదిలేస్తుంది కనుక రెండూ కలపరాదు.

తొట్టినీటి కంటె ముందు కొళాయినీటిని పరీక్షించాలని పైన చెప్పడానికి మరొక కారణం కూడా ఉన్నది. ఏ మందూ వేయని నీరు, చేప సోకని నీరు, కిట్‌లో స్పష్టమైన ఆకుపచ్చ చూపిందనుకుందాం. భారత ప్రమాణాల సంస్థ 2012 తాగునీటి ప్రమాణంలో అమ్మోనియాకు లీటరుకు 0.5 మిల్లీగ్రాముల హద్దు విధించింది. ఆ హద్దు దాటడానికి లోతైన భూపొరలు కారణం కావచ్చు, పొలాల ఎరువు కావచ్చు, పగిలిన గొట్టంలోకో బావిలోకో చేరుతున్న మురుగు కూడా కావచ్చు. అటువంటి నీటిలో కలిపిన బ్లీచింగ్ పౌడరు అమ్మోనియాతో కలిసి క్లోరమైన్‌గా మారుతుంది. సూక్ష్మజీవులను చంపడంలో దాని చురుకు క్లోరిన్ కంటె బాగా తక్కువ. తమిళనాడు నీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డుకు జిల్లాలలో నీటి పరీక్ష ప్రయోగశాలలు ఉన్నాయి. ఇంటి కిట్ రంగు చూపిన నీటిని శుభ్రమైన సీసాలో పట్టి అక్కడ సూక్ష్మజీవుల పరీక్షకు ఇవ్వాలి. ఫలితం వచ్చేవరకు ఇంట్లోవారు ఆ నీటిని మరిగించి తాగాలి.